బ్రేకు ప్రాణం ఇరుసులో

ఫోర్డ్ మోడల్ టీ కారులో కాలితో తొక్కే బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. అది ముందు, ఇంజను వెనకే ఉన్న గేరుపెట్టెలో ఉంటుంది. అక్కడ ఒక డ్రమ్ము, దాని చుట్టూ ఒక పట్టీ. కుడి పెడలు తొక్కితే పట్టీ బిగుసుకుని డ్రమ్మును పట్టేస్తుంది. డ్రమ్ము ఆగితే దాని వెనకున్న పొడవాటి షాఫ్టు ఆగుతుంది, షాఫ్టు ఆగితే ఇరుసు ఆగుతుంది, ఇరుసు ఆగితేనే చక్రాలు ఆగుతాయి. ఈ వరుసలో ఎక్కడ లంకె తెగినా పెడలు ఎంత తొక్కినా ప్రయోజనం లేదు. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలకు పైగా తయారైన కారు ఇది. అభిమానుల చేతుల్లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. కొత్తగా కొన్నవాళ్ళ చూపు ముందు రంగు మీదికీ, సీట్ల మీదికీ, ఇత్తడి దీపాల మీదికీ పోతుంది. నన్నడిగితే మొదట విప్పాల్సింది వెనక ఇరుసు.

ఆ ఇరుసు గూడు రెండు అర్ధభాగాలు. మధ్యలో ఉబ్బుగా ఉన్నచోట రెంటినీ బోల్టులతో కలిపి బిగిస్తారు. షాఫ్టు కొసన 11 పళ్ళ పినియను, దానికి అడ్డంగా 40 పళ్ళ క్రౌను. అంటే షాఫ్టు మూడున్నర చుట్లకు కాస్త పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విప్పే మెకానిక్కు కూడా వీటిని క్రౌను, పినియను అనే అంటాడు. అతను చూసే పళ్ళు వంపు తిరిగి ఉంటాయి, మోడల్ టీలో నిటారుగా ఉంటాయి. పని మాత్రం ఒకటే.

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోతుంది. అందుకని ఇరుసును మధ్యలో రెండుగా విడగొట్టి, ఒక్కో ముక్క కొసకు ఒక గేరు తొడిగి, ఆ రెండు గేర్ల నడుమ మూడు చిన్న గేర్లు పెట్టారు. అదే డిఫరెన్షియల్. తిన్నగా పోతున్నంతసేపూ చిన్న గేర్లు తమ చుట్టూ తాము తిరగవు, మొత్తం గుంపు ఒకటిగా తిరుగుతుంది. మలుపు రాగానే అవి కదిలి, ఒక పక్క తగ్గిన వేగాన్ని రెండో పక్కకు కలుపుతాయి.

అసలు చిక్కు ఇక్కడ లేదు. పినియను క్రౌనును తిప్పడంతో ఊరుకోదు, పక్కకు నెడుతుంది కూడా. ఆ తోపుడును కాయడానికి డిఫరెన్షియల్‌కు అటూ ఇటూ మూడేసి వాషర్లు పెట్టారు. రెండు ఉక్కువి, వాటి మధ్య బాబిట్ లోహంతో చేసిన మెత్తనిది ఒకటి. అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ 1839లో రూపొందించిన మిశ్రలోహం పేరు అది. ఆయన కలిపినవి తగరం, రాగి, ఆంటిమొని. ఇలాంటి లోహం మెత్తనిది కాబట్టి చిన్న నలుసు పడినా తనలో ఇముడ్చుకుని, ఆనుకున్న ఉక్కును గీరుకుపోనివ్వదు. బేరింగులకు అది గొప్ప గుణమే. కానీ ఏళ్ళ తరబడి నెట్టుడు తిన్న ఈ వాషరుకు పగుళ్ళు వస్తాయి, తర్వాత పెళుసుబారి ముక్కలవుతుంది. అప్పుడు క్రౌను పక్కకు జరిగి పినియనుకు అందకుండా పోతుంది. పళ్ళకు పళ్ళు తగలవు. దిగుడు రోడ్డులో ఇది జరిగితే పెడలు తొక్కినప్పుడు షాఫ్టు ఆగుతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. లో గేరు వేసినా రివర్సు తొక్కినా అంతే, ఎందుకంటే అన్నీ ఆ షాఫ్టు మీదుగా రావాల్సినవే. మిగిలేది చేతి బ్రేకు ఒక్కటి. అది వెనక చక్రాల డ్రమ్ముల్లోనే పనిచేస్తుంది గానీ, నిలిపిన కారు దొర్లకుండా పట్టి ఉంచడానికే దాన్ని ముఖ్యంగా పెట్టారు. పరుగెత్తే కారును ఆపేంత బలం దానికి లేదు.

ఇంత భారాన్ని ఆ మెత్తని వాషర్లు మోస్తున్నాయని బయటినుంచి చూస్తే తెలియదు. కారు హాయిగా నడుస్తున్నా లోపల అవి ముక్కలై ఉండవచ్చు. విప్పి చూడాల్సిందే.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. చక్రం నట్టుకున్న పిన్ను తీసి, నట్టు విప్పి, హబ్‌ను పుల్లర్‌తో లాగాలి. ఇరుసు కొస సన్నగా దిగిన కోను ఆకారంలో ఉంటుంది, హబ్ దానిమీద బిగుసుకుపోయి ఉంటుంది. ఇరుసు కొసమీద సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్ళున్నారు. ఆ దెబ్బ ఇరుసు పొడవునా పోయి లోపలి వాషర్ల మీదే పడుతుంది. తర్వాత బ్రేకు కడ్డీలు, స్ప్రింగు లింకులు విప్పి, గేరుపెట్టె వెనక బంతిలాంటి కీలు దగ్గరున్న మూతను వదులు చేస్తే, షాఫ్టుతో సహా ఇరుసంతా వెనక్కి వస్తుంది.

గూడు రెండుగా విడదీశాక వెంటనే కిరసనాయిలు పోయడం తగదు. అడుగున పేరుకున్న మడ్డిని ముందు చూడాలి. వేళ్ళ మధ్య రాస్తే నున్నగా ఉంటే పాత నూనె మాత్రమే. అందులో బూడిదరంగు పొడి గానీ, మెత్తని లోహపు పెచ్చులు గానీ కనిపిస్తే బాబిట్ వాషరు అరిగి రాలుతున్నట్టు. అయస్కాంతం పెడితే వాటికి అంటుకోదు. అంటుకునేవి ఉంటే అవి ఉక్కు ముక్కలు, కాబట్టి గేరు పళ్ళనో బేరింగునో అనుమానించాలి. కడిగేశాక ఈ సాక్ష్యం దొరకదు. అందుకే మడ్డిని ఒక డబ్బాలోకి గీకి, అది ఏ పక్కన దొరికిందో రాసి పెట్టుకోవడం మంచిది.

కడగడానికి కిరసనాయిలు, కుంచె, చెక్క గరిటె చాలు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. పెట్రోలు జోలికి పోకూడదు. రెండు పొడవాటి గొట్టాల లోపల గుడ్డ చుట్టిన తీగను తోసి తోసి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాలి. ఎక్కువ సమయం పట్టేది బేరింగులకు. ఈ కారువి హయత్ రోలర్లు. గట్టి ఉక్కు కడ్డీలు కావు, ఉక్కు పట్టీని స్ప్రింగులా చుట్టి చేసిన బోలు గొట్టాలు. ఒకటి కుడి చుట్టు, పక్కది ఎడమ చుట్టు. రాలిన బాబిట్ పొడి ఆ చుట్ల సందుల్లోకి, గొట్టం లోపలికీ చేరి దాక్కుంటుంది. పైపైన కడిగి అమర్చితే అదే పొడి మళ్ళీ నూనెలో కలుస్తుంది. సెల్యులాయిడ్ వల్ల పేరు తెచ్చుకున్న జాన్ వెస్లీ హయత్ ఈ బేరింగులు కనిపెట్టాడు. ఆయన కంపెనీని నడిపి, ఫోర్డ్‌కు బేరింగులు అమ్మిన ఆల్ఫ్రెడ్ స్లోన్ తర్వాతి రోజుల్లో జనరల్ మోటార్స్ అధినేతై, అదే ఫోర్డ్‌ను అమ్మకాల్లో దాటేశాడు. ఆ చరిత్రంతా ఈ చిన్న రోలరులో ఇమిడి ఉండటం నాకు ఎంతో ఇష్టం.

బాబిట్ వాషర్లు చెక్కుచెదరకుండా కనిపించినా సరే, వాటిని తిరిగి వేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు కంచు వాషర్లు దొరుకుతున్నాయి. వాటి మందాన్ని సరిచేసి, క్రౌను పినియను పళ్ళ మధ్య అంగుళంలో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే ఎడం ఉండేలా కూర్చాలి. బిగుతైతే పళ్ళు అరుస్తాయి, వదులైతే కొట్టుకుంటాయి. ఇరుసు కొసన కీ గాడి దగ్గర సన్నని పగులు ఉందేమో భూతద్దంతో చూడాలి.

కూర్చేటప్పుడు క్రౌను ఏ పక్కన ఉందో రెండుసార్లు చూసుకోవాలి. అది అవతలి పక్కకు పోతే చక్రాలు ఎదురు దిశలో తిరుగుతాయి. ముందుకు పోవడానికి ఒకటి, వెనక్కి పోవడానికి రెండు గేర్లున్న కారు తయారవుతుంది.

నూనె చిక్కటిది పోయాలి, గూడులో మూడో వంతుకు మించకూడదు. ఎక్కువ పోస్తే గొట్టాల వెంట పాకి వెనక డ్రమ్ముల్లోకి చేరుతుంది. ఆపద వేళ మిగిలే చేతి బ్రేకును అదే తడిపి పాడుచేస్తుంది. కొసల్లో పాత ఫెల్టు బదులు నియోప్రీన్ సీలు వేస్తే కొంత మేలు. హబ్ బిగించాక కొన్ని మైళ్ళు నడిపి, పిన్ను తీసి నట్టును మళ్ళీ బిగించాలి. కోను మీద హబ్ ఇంకాస్త లోపలికి దిగి ఉంటుంది.