దగ్గు ఒక్కరోజు క్యాంపుతో పోదు

షోలాపూరైనా, భివండీ అయినా మన పేటల్లో హెల్త్ క్యాంపంటే ఒక టెంటు, నాలుగు మాత్రలు, ఒక ఫొటో. అలా కాదు. ముందు ఇంటింటికీ వెళ్లి అడగాలి: దగ్గెవరికి? ఎన్నాళ్లుగా?

సెలవు తర్వాత మిల్లుకెళ్లిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తుంటే అది పత్తి దుమ్ము జబ్బు కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష తప్పదు. సర్కారు దవాఖానాలో అది ఉచితం. టీబీ అని తేలితే మందులూ ఉచితమే. తిండి ఖర్చుకు ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది.

రాత్రి షిఫ్టువాళ్లు నిద్రపోయే వేళ క్యాంపు పెడితే ఎవరొస్తారు? షిఫ్టు దిగే వేళ పెట్టాలి. ఆరు నెలలకు లెక్క చూడాలి: మందులు పూర్తిగా వాడిందెందరు? మిల్లులో దుమ్ము తగ్గిందా? మందిచ్చి మళ్లీ ఆ దుమ్ములోకే పంపితే ఏం లాభం?