మెదడు పనిని చూసే యంత్రం

చేయి వణుకుతుంటుంది, నడక నెమ్మదిస్తుంది. ఎమ్మారై తీయిస్తే అంతా మామూలుగానే ఉందంటారు. పార్కిన్‌సన్స్ తొలి రోజుల్లో చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. మెదడు ఆకారం చెడకముందే పని చెడుతుంది. ఆ పనిని చూపించేది పెట్ స్కానర్.

దీనికి మూలం 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టిన పాజిట్రాన్. అది ఎలక్ట్రాన్‌తో కలిసిందంటే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. తల చుట్టూ స్ఫటికాలను వలయంగా అమర్చి, ఒకేసారి తగిలిన జంటలను లెక్కిస్తే అవి ఎక్కడ పుట్టాయో తేల్చవచ్చు. 1970లలో సెయింట్ లూయిస్‌లో టెర్-పొగోసియన్, ఫెల్ప్స్, హాఫ్‌మన్ ఈ సూత్రంతోనే స్కానర్ కట్టారు.

1976లో బ్రూక్‌హేవెన్‌లో పాజిట్రాన్లను వెలువరించే ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర ఎఫ్‌డీజీని తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పంపి, తొలిసారి మనుషులకు ఎక్కించారు. కణాలు దాన్ని గ్లూకోజ్‌లాగే లోపలికి తీసుకుంటాయి, కానీ పూర్తిగా వాడుకోలేవు. అందుకే పని ఎక్కువున్న చోట అది ఎక్కువగా పోగుపడుతుంది.

1983లో కెనడాలోని మెక్‌మాస్టర్ శాస్త్రవేత్తలు ఫ్లోరోడోపాతో బతికున్న మనిషి మెదడులో, కదలికలకు అవసరమైన రసాయనం డోపమైన్ జాడ చూపారు. ఫ్లోరోడోపాకు మాతృక అయిన ఎల్-డోపా (లెవోడోపా) మనకు కొత్తదేమీ కాదు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. పార్కిన్‌సన్స్‌లో మెదడు లోపలి పుటామెన్ వెనుక భాగంలో ఈ డోపమైన్ జాడ ముందుగా తగ్గుతుంది.

నష్టం ఆ ఒక్కచోటే ఆగదు. 1990లలో న్యూయార్క్‌లో డేవిడ్ ఐడెల్‌బర్గ్ బృందం ఎఫ్‌డీజీ చిత్రాలను గణితంతో జల్లెడ పట్టింది. పాలిడమ్, థాలమస్, పాన్స్, చిన్నమెదడుల్లో గ్లూకోజ్ వాడకం పెరుగుతూ, కదలికలకు పథకం వేసే ముందు భాగాల్లోనూ పక్క భాగాల్లోనూ తగ్గుతోంది. ఒకదానితో ఒకటి ముడిపడిన ఈ హెచ్చుతగ్గులే వ్యాధి ముద్ర.

ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడకు రావాల్సిన ఎఫ్‌డీజీ సీసా ఒకటి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రద్దీలో ఇరుక్కుందనుకోండి, మందు దారిలోనే తరిగిపోతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఊళ్లోనో, దగ్గర్లోనో ఉండాలి.

అలాగని చిక్కడపల్లిలోనో అశోక్‌నగర్‌లోనో చేయి వణికే ప్రతి పెద్దాయనకూ పెట్ అక్కర్లేదు. నరాల డాక్టరు నడిపించి, వేళ్లు ఆడించమని చెప్పి, పార్కిన్‌సన్స్ మందు లెవోడోపాకు గుణం కనిపిస్తోందా అని గమనించి చాలాసార్లు తేల్చేస్తారు. అయితే అలాంటి లక్షణాలతోనే వచ్చే వేరే వ్యాధులున్నాయి. మల్టిపుల్ సిస్టమ్ ఎట్రఫీ (ఎమ్‌ఎస్‌ఏ)లో పుటామెన్‌లోనూ, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ (పీఎస్‌పీ)లో నుదుటి వైపు మెదడులోనూ గ్లూకోజ్ వాడకం పడిపోతుంది. ఆ రెండింటికీ లెవోడోపా అంతగా పనిచేయదు. మాత్ర మీద ఎంత ఆశ పెట్టుకోవాలో ముందే తెలియాల్సిన ఇంటికి ఈ చిత్రం విలువైనది.