మూసీ దిగువ గ్రామాలు – మురుగునీటి సేద్యంలో లెక్కకు రాని నష్టం

వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ స్వభావరీత్యా వర్షాధార నది. 1908 నాటి వరదల అనంతరం నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలను నిర్మించడంతో వేసవిలో దిగువకు చేరే సహజ ప్రవాహం నామమాత్రమైంది. అయినప్పటికీ నేడు హైదరాబాదు దిగువన నది ఏడాది పొడవునా పారుతున్నది. పారుతున్నది నగరం వదిలిన నీరే.

పూర్వకాలపు కత్వలు ఈ నీటిని కాలువల ద్వారా చెరువులకు, పొలాలకు మళ్లిస్తాయి. భీమలింగం కత్వ, పిల్లాయిపల్లి కాలువ పరిసరాల రైతుకు వాన తప్పినా మూసీ తప్పదు. అందుచేత ఈ నీటిని వాడవద్దని చెప్పే విస్తరణ సలహాకు అక్కడ విలువ లేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో సాగునీటికి ఉద్దేశించిన ‘ఇ’ తరగతి నాలుగు అంశాలను మాత్రమే పరిశీలిస్తుంది: ఉదజని సూచిక 6.0–8.5, విద్యుత్ వాహకత 2250 మైక్రోమోలకు మించకుండుట, సోడియం అధిశోషణ నిష్పత్తి 26 లోపు, బోరాన్ లీటరుకు 2 మి.గ్రా. లోపు. కోలిఫారం బాక్టీరియాకు గాని, పరాన్నజీవుల గుడ్లకు గాని ఇందులో పరిమితి లేదు. అనగా ఈ ప్రమాణం మొక్కను చూస్తుంది, మడిలో దిగే మనిషిని చూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 మార్గదర్శకాలు పచ్చిగా తినే పంటలకు వాడే నీటిలో 100 మి.లీ.కు 1000 మల కోలిఫారాలను, లీటరుకు ఒకటికి మించని నులిపురుగు గుడ్లను పరిమితిగా సూచించాయి. ఈ రెండు దృష్టుల మధ్య అంతరంలోనే మూసీ కూలీలు పనిచేస్తున్నారు.

నాట్లు వేసేది ప్రధానంగా స్త్రీలు. గంటల తరబడి ఒట్టి కాళ్లతో బురదలో నిలబడడం వలన చర్మంపై దురద, పుండ్లు కలుగుతాయి. కొంకిపురుగు లార్వాలు పాదాల చర్మం గుండానే శరీరంలో ప్రవేశించి రక్తహీనతకు దారితీస్తాయి. జాతీయ నులిపురుగుల నివారణ దినం 1–19 ఏళ్ల వారికి ఉద్దేశించినది కనుక వయోజన కూలీలు దాని పరిధిలోకి రారు. (నాటు మడిలో రబ్బరు బూట్లు వేసుకొమ్మనే సలహా కాగితంపైనే బాగుంటుంది.)

పోషకాల విషయంలో మేలు, కీడు కలిసి ఉన్నాయి. ఎకరా వరికి 1000 మి.మీ. నీరంటే సుమారు 40 లక్షల లీటర్లు. ఆ నీటిలో లీటరుకు 20 మి.గ్రా. నత్రజని ఉన్నదనుకుంటే పొలానికి చేరేది 80 కిలోలు. ఇది సాధారణ సిఫారసుకు దాదాపు రెట్టింపు. దానిపై యూరియా కూడా చల్లినచో పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, అగ్గితెగులు, దోమపోటు హెచ్చుతాయి, తాలు గింజలు మిగులుతాయి. కనుక సిఫారసుకు ముందు నీటిలోని నత్రజనిని కొలవాలి. భూమిలోకి ఇంకిన మిగులు బావులకు నైట్రేటుగా చేరుతుంది. తాగునీటిలో దీని పరిమితి లీటరుకు 45 మి.గ్రా. ఫ్లోరైడుతో దశాబ్దాలు బాధపడిన నల్లగొండ ప్రాంతానికి ఇది అదనపు బరువు.

నగరానికి దూరమయ్యేకొద్దీ కత్వల వెనుక నీరు నిలిచి మలినాలు అడుగుకు చేరుతాయి, సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది. లవణాలు మాత్రం అడుగుకు చేరవు. పొలాల నుండి తిరిగి నదిలో కలిసే నీటితో ఇవి పెరుగుతాయి కూడా. కావున ఎగువన రోగకారకాలను, దిగువన చౌడును ప్రధాన సమస్యగా ఎంచి సలహా ఇవ్వవలసి ఉంటుంది. వరికి పనికిరాని పొలాలలో రైతులు పారాగడ్డిని ఆశ్రయించారు. నగర పాడిపశువులకు మేతగా అది రోజువారీ నగదు తెస్తుంది. ఆ గడ్డిలో, పాలలో భారలోహాల పరీక్ష క్రమం తప్పక జరగాలి.

ఆకుకూరల విషయంలో రెండు జాగ్రత్తలు ఖర్చు లేనివి: కోతకు కొన్ని రోజుల ముందు మురుగునీటి తడి ఆపడం, కట్టలను కాలువలో కాక శుభ్రమైన నీటితో కడగడం.