కారు కింద మరక ఏం చెబుతుంది?

రేపు ఉదయం మీరు ముదిగొండ నుంచి కారులో ఖమ్మం వెళ్ళాలనుకోండి. సాయంత్రం కారు కింద ఓ మరక కనిపించింది. ప్రయాణం చేయవచ్చా? రాత్రికి కారు కింద ఓ పాత అట్ట పరచండి. పొద్దున్నే చుక్కలు ఎక్కడ పడ్డాయో, ఏ రంగులో ఉన్నాయో చూడండి.

రంగూ జిడ్డూ లేని నీళ్ళా? అది ఏసీ నీరు. చల్లటి చెంబుకు చెమట పట్టినట్టే, గాలిలోని ఆవిరి నీరై కారింది. భయం లేదు.

ఇంజను కింద నల్లటి జిడ్డా? ఇంజనాయిలు. అడుగు బిరడా వాషరు అరిగి ఉండవచ్చు.

ఆకుపచ్చ లేక గులాబీ రంగా? రేడియేటరు కూలెంటు. ఇది విషం, ముట్టుకోకండి. గొట్టం క్లిప్పు వదులైతే, ఇంజను చల్లారాక పెద్దలు బిగిస్తే చాలు. వేడిమీద రేడియేటరు మూత తీయరాదు! లోపలి ఒత్తిడివల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి తగ్గి, భగ్గున మరిగి ముఖాన చిమ్ముతుంది.

చక్రం పక్కన లేత పసుపు జిడ్డా? జాగ్రత్త! బ్రేకు ఆయిలు కావచ్చు. మూసిన ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ (1623-1662) కనుగొన్నాడు. పెడలు మీది నొక్కు చక్రాలకు చేరేది ఈ సూత్రంతోనే. ద్రవం కారిపోతే? పెడలు ఊరికే దిగిపోతుంది, బండి ఆగదు.

ఇది ఇంట్లో చేసే మరమ్మతు కాదు. కారు కదపకుండా మెకానిక్కును పిలిపించండి. ఖమ్మం ఎల్లుండి వెళ్ళవచ్చు!