పీలికలు పారేయొద్దు



ఆగస్టు 15కి, జనవరి 26కి మనం హాలంతా రంగుకాగితాలు కడతాం. మరుసటి రోజు అవన్నీ చెత్తలోకి పోతాయి. యూనిఫారాలు కుట్టినాక టైలరు దగ్గర మిగిలే గుడ్డముక్కలూ అంతే. ఆ ముక్కలతో ఏమేం చేయొచ్చో, చేసింది ఊడిపోకుండా ఎట్ల చేయాలో ఈసారి రాస్తున్నాను. కొనాల్సింది సూది, దారం, పిడికెడు మైదా. అంతే.

1. గుడ్డను గుర్తుపట్టడం

గుడ్డలో నిలువు పోగులను పడుగు అంటారు, అడ్డం పోగులను పేక అంటారు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇండ్లలో చిన్నపిల్లలకు కూడా ఈ మాటలు తెలుసు. ఎరుకల అక్కలు బుట్ట అల్లేటప్పుడు కూడా నిలువు బద్ద, అడ్డం బద్ద ఉంటాయి కదా, ఇదీ అట్లాంటిదే. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్ళ దగ్గర ముక్కలు చానా మిగులుతాయి. ఒక ముక్క అంచున పోగులు లాగి చూడండి. ఒకవైపు నీలం పోగు వస్తుంది, ఇంకోవైపు తెల్ల పోగు వస్తుంది. నీలంది పడుగు, తెల్లది పేక. అందుకే జీన్స్ పైన నీలంగా, లోపల తెల్లగా ఉంటుంది.

పోగు వెంబడి తిన్నగా కత్తిరిస్తే అంచున పోగులు ఊడుతూనే ఉంటాయి. కాబట్టి అర వేలు వెడల్పు లోపలికి మడిచి కుట్టాలి. ఐమూలగా కత్తిరిస్తే పోగులు తొందరగా ఊడవు, కానీ లాగితే గుడ్డ సాగుతుంది. అందుకని పువ్వు రేకులకు ఐమూల ముక్క మంచిది, సంచికి తిన్నటి ముక్క మంచిది.

నూలుగుడ్డా, పాలిస్టరా అని తెలియకపోతే ఒకే ఒక్క పోగు కాల్చి చూడాలి. పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే చేయండి. నూలు పోగు కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. నూలుగుడ్డ బంకను పీల్చుకుంటుంది, అందుకే అతుక్కుంటుంది. పాలిస్టరు పీల్చుకోదు. దాన్ని కుట్టాల్సిందే.

2. బంక చేయడం

ఒక గ్లాసు చల్లనీళ్ళలో రెండు చెంచాల మైదా వేసి ఉండలు లేకుండా కలపాలి. వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత సన్నమంట మీద కలుపుతూ ఉంటే పాలలాగ ఉన్నది చిక్కబడి కొంచెం మెరుస్తుంది. అప్పుడు దించాలి. మైదాలోని పిండిపదార్థం వేడికి నీళ్ళు తాగి ఉబ్బడం వల్ల ఆ జిగురు వస్తుంది. పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మనకు వద్దు. కావాల్సినంతే చేసుకొని ఆ పొద్దే వాడేయాలి.

3. కాగితం తోరణం

పాత నోటుబుక్కుల అట్టలు, న్యూస్‌పేపరు చాలు. న్యూస్‌పేపరును ఒకవైపు చింపితే తిన్నగా చినుగుతుంది, ఇంకోవైపు వంకరగా పోతుంది. కాగితంలోని నారలు ఎక్కువగా ఒకవైపుకే పడుకొని ఉంటాయి కాబట్టి అట్లా అవుతుంది. గొలుసుకు పట్టీలు తిన్నగా చినిగే వైపే తీస్తే గట్టిగా ఉంటాయి. మూడుమూలల జెండాలు చేసేటప్పుడు పై అంచును పురికొసకు ఊరికే అంటించొద్దు. బొటనవేలు వెడల్పు వెనక్కి మడిచి, ఆ మడతలో పురికొస పెట్టి అంటించాలి. అప్పుడు బరువు మడత మీద పడుతుంది. గాలికి ఊడదు. పండగ అయినాక చుట్టి దాచుకుంటే మళ్ళీ ఏడాదికి పనికొస్తుంది.

4. చుట్టకుదురు

ఇది మా సుగాలోళ్ళ వస్తువు. బిందె అడుగు గుండ్రంగా ఉంటుంది. ఉత్త తల మీద పెడితే బరువంతా ఒకేచోట పడి నొప్పి పుడుతుంది. చుట్టకుదురు ఉంటే బరువు చుట్టూ పరుచుకుంటుంది, బిందె కూడా ఒరగదు. మన అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నీళ్ళ కోసం దూరం నడిచిన ఆడవాళ్ళకు ఇది ఎంత అవసరమో చెప్పక్కరలేదు.

చేసే పద్ధతి: పనికిరాని పీలికలన్నీ కలిపి మణికట్టు లావు తాడులాగ మెలిపెట్టాలి. గుండ్రంగా వంచి రెండు కొసలు కలిపి కుట్టాలి. దాని మీద పొడుగు పట్టీని సందు లేకుండా బిగించి చుట్టాలి. పైన రంగు ముక్కలు, అద్దాలు, గవ్వలు కుట్టాలి. ఇదే గాజు అంత చిన్నది చేసి పూసలు వేలాడదీస్తే గుమ్మానికి కట్టుకోవచ్చు.

5. ఈ పనికి విలువ ఎంత?

మా యాడికి, అంటే అమ్మకు, అక్షరాలు రావు. కానీ గుడ్డ మీద పోగులు లెక్కపెట్టి కుడుతుంది, ఒక్క కుట్టు తప్పదు. మా ఆడవాళ్ళ పేటియా, కాంచళి, టుక్రి అన్నీ ముక్కలు అతికి, అద్దాలు పెట్టి కుట్టినవే. ఒక్క పేటియాకు నెలలు పడుతుంది. వానలు పడని ఏడు తండాకు స్టీలు సామాన్ల వ్యాపారి వస్తే, అట్లాంటి పాత పేటియా ఇచ్చి ఒక గిన్నె తీసుకున్నారు. అది మా అవ్వ కుట్టింది. వ్యాపారికి దాని విలువ తెలుసు, మనవాళ్ళకే ఎవరూ చెప్పలేదు.

మన పక్కనే బళ్ళారి జిల్లాలో సండూరు ఉంది. అక్కడి లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట తయారైనదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట పెట్టారు. దానికి గిన్నిస్ రికార్డు వచ్చింది. వాళ్ళు కుట్టింది కూడా మన ఇండ్లలో కుట్టే కుట్లే.

కాబట్టి నాది ఒక మనవి. స్టోర్‌రూం పక్కన ఒక అట్టపెట్టె పెట్టుకుందాం, ముక్కలన్నీ దాంట్లో వేద్దాం. మేడం గారు ఒప్పుకుంటే ఆదివారం మధ్యాహ్నం కూర్చొని చేద్దాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ దగ్గర ఒక కుట్టు నేర్చుకోండి. మీ భాషలో దాని పేరేంటో, దానికి ఎన్ని రోజులు పడుతుందో అడిగి రాసుకొని రండి. తర్వాతి గోడపత్రికలో అవన్నీ వరసగా రాద్దాం. ఎన్ని రోజుల పనో లెక్క తెలిసినోళ్ళు గిన్నెకు పేటియా ఇయ్యరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని