పుట్టి ధాన్యము కళ్లము నుండి మిల్లు చేరులోపల

నెల్లూరు సీమ రైతులు వరి పంటను పుట్లలో లెక్కింతురు. పుట్టి యనగా 850 కిలోలు. మనుబోలు ప్రాంతమున ఫాల్గుణ, చైత్ర మాసములలో కోతలు ముమ్మరముగా సాగునప్పుడు ధాన్యము కళ్లము నుండి కాటాకును, కాటా నుండి లారీమీద మిల్లునకును పోవును. నాట్లు మొదలు కోత వఱకు పడిన పాటు ఒక యెత్తు. ఈ నాలుగు దినముల వ్యవహారము ఒక యెత్తు. మొదటిదానియందు చూపు శ్రద్ధలో సగమైనను రెండవదానియందు చూపకుండుటచే పెక్కుమంది నష్టపడుచున్నారు.

కోత యంత్రము నుండి దిగిన ధాన్యము పచ్చిగా నుండును గనుక వర్తకుడు పుట్టికి 850 కిలోలకు మించి తూచుమని కోరుట కలదు. ఇది యంతయు మోసమని తలపరాదు. నీటికి ధర పెట్టుట కెవ్వరును ఒప్పుకొనరు. అయితే ఎంత యెక్కువ ఇయ్యవలయునో రైతు తానే లెక్కవేసికొనగలడు. ప్రభుత్వ కొనుగోలునకు తేమ నూటికి 17 వంతులకు మించరాదు. అట్టి పుట్టి ధాన్యమున నీరు పోగా 705న్నర కిలోల యెండు పదార్థ ముండును. తేమ 24 వంతు లున్నచో అంత యెండు పదార్థము వచ్చుటకు 928 కిలోలు కావలయును. తేమ 20 వంతులే యున్నచో 882 కిలోలు చాలును. కావున 20 వంతుల తేమ గల రైతు యొద్దను 928 కిలోలు తూచుకొన్నచో పుట్టికి 46 కిలోలు ఊరక పోయినట్లే. 2025–26 సంవత్సరమున సాధారణ రకమునకు ప్రకటింపబడిన మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. ఆ లెక్కను పుట్టి యొక్కంటికి నష్టము సుమారు 1090 రూపాయలు. చేతితో నలిపియు, పంట కొఱికియు తేమ చెప్పుట పాత వాడుక. బేరమునకు ముందు తేమ కొలుచు యంత్రముతో చూపించుకొనుట మేలు.

మనుబోలు మీదుగా జాతీయ రహదారి పోవుచున్నందున కొందరు దాని యంచున ధాన్య మారబోయుదురు. బండ్ల చక్రములక్రింద గింజ నలుగును, మట్టి బెడ్డలు చేరును, మనుష్యులకును అపాయము. పట్టలపై రెండంగుళముల మందమునకు మించక పఱచి, పలుమాఱు తిరుగదోయవలయును. రాత్రులందు తప్పక కప్పవలయును. ఆరిన గింజ మంచు తగిలి మరల తేమ పీల్చినయెడల లోలోపల బీటలు వారి మరలో నూక యగును. ప్రభుత్వ ధాన్యము మర పట్టించునప్పుడు మిల్లు యజమాని క్వింటాలునకు 67 కిలోల పచ్చి బియ్యము చెల్లింపవలసి యున్నది. నూక హెచ్చగునను భయముండగా నతడు మంచి ధర పలుకడు. రెండు రకముల ధాన్యమును ఒక రాశిగా కలుపుటయు నిట్టి చేటునే తెచ్చును.

ధర పెరుగునని నిలువ చేయదలచువారు తేమను 14 వంతులకు దింపవలయును. అట్లు చేయనిచో రాశి వేడెక్కి బూజు పట్టును.

గోనె సంచులు, హమాలీలు, లారీ కోతకు ముందే కుదుర్చుకొనవలయును. ఒకే కాలువక్రింది రైతులు వంతులు మాటాడుకొని కోసినచో యంత్రపు బాడుగయు, కాటా యొద్ద నిరీక్షణయు తగ్గును. కాటా చీటీయందు బస్తాల సంఖ్య, తేమ, తూకము, లారీ నెంబరు వ్రాయించుకొని, సొమ్ము ముట్టువఱకు దానిని భద్రపఱుపవలయును.