ఇరవై ఇటుకల పొయ్యి

అన్నము పరబ్రహ్మ స్వరూపమని తెలుగువారు, రిజ్క్ అనునది దైవమిచ్చిన భాగ్యమని ఉర్దూ సోదరులు భావిస్తారు. భాషలు వేరైనను కంచము ముందు కూర్చున్న మనిషి ఆకలి ఒక్కటే. తెలుగులో పొయ్యి, ఉర్దూలో చూల్హా. పేరేదైనా, అది వెలగని నాడు ఇల్లు ఇల్లుగా ఉండదు. ప్రకృతి కోపించి గ్యాసు, విద్యుత్తు రెండును అందని రోజున కొన్ని ఇటుకలతో పొయ్యిని పేర్చుకొను విధానమును, అందులో ఇమిడి ఉన్న శాస్త్రమును ఈ వ్యాసంలో వివరింపదలచాము.

ఇట్టి అవసరము మనకు క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ గ్రామాలను తుడిచిపెట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను అతలాకుతలము చేశాయి. ఇట్టి వేళల్లో ప్రాణాలు దక్కినవారికి వెంటనే కావలసినవి రెండు: వేడి అన్నము, కాచిన నీరు. వరదనీటి వెంట విరేచనములు, కామెర్లు, టైఫాయిడ్ వంటి వ్యాధులు వస్తాయి. నీటిని తెర్లు కాగునట్లు కనీసము ఒక నిమిషము మరిగించినచో రోగకారక క్రిములు నశిస్తాయి. కనుక పొయ్యి అన్నమునకే కాదు, ఆరోగ్యమునకు కూడ ఆధారము.

మూడు రాళ్లు పెట్టి మంట వేస్తే చాలదా అని కొందరు అడుగవచ్చును. వంట అవుతుంది; కాని మంటలో అధిక భాగము గాలికి ప్రక్కలకు పోతుంది, కట్టెలు ఎక్కువ ఖర్చవుతాయి, పొగ కన్నులను, ఊపిరితిత్తులను బాధిస్తుంది. ఇండ్లలోని వంట పొగ కారణముగా 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

అసలు పొగ అంటే ఏమి? కట్టె వేడెక్కినప్పుడు అందుండి మండే వాయువులు వెలువడుతాయి. తగినంత వేడిమి, తగినంత గాలి, ఆ రెండును కలియుటకు కొంత వ్యవధి దొరికినచో ఆ వాయువులు మంటగా మారుతాయి. దొరకనిచో పొగగా పైకి పోతాయి. అనగా పొగ మనము కొని, కాల్చకుండ పారబోసిన కట్టెయే.

ఈ సత్యమును గుర్తించి మన హైదరాబాదులోనే ఇంజనీరింగ్ పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు 1950ల దశకంలో పొగలేని వంటిండ్లకై కృషి చేశారు. 1983లో భారత ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ పథకమును ప్రారంభించింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున లారీ వినియార్‌స్కీ 1980ల దశకంలో, నిలువు గొట్టములో మంటను బంధించి పైకి నడిపించే ‘రాకెట్’ పొయ్యికి సూత్రములను ఏర్పరచారు. మేము చెప్పబోవు ఇటుకల పొయ్యి ఆ కోవకు చెందినదే.

దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. 9 అంగుళముల పొడవు, 4½ అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గల, బాగా కాలిన మట్టి ఇటుకలు 20. అడుగు పొడవు గల ఇనుప పట్టీలు రెండు. సన్నని ఇనుప చువ్వలు మూడు లేక నాలుగు. సందులు పూడ్చుటకు కొంచెము బంకమట్టి. రెండు ఇటుకలను సగమునకు పగులగొట్టి నాలుగు అర ఇటుకలు సిద్ధము చేసుకొనవలెను. కాంక్రీటు దిమ్మెలు, ఏటి రాళ్లు వాడరాదు. వేడికి అవి పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదమున్నది. తడిసిన ఇటుకలను కూడ ఆరనిచ్చిన తరువాతనే వాడవలెను.

మొదట నేలను చదును చేయవలెను. నాలుగు ఇటుకలను పడుకోబెట్టి, గాలిమర రెక్కల వలె, ఒకదాని కొస మరొకదాని ప్రక్కను తాకునట్లు చుట్టూ పేర్చవలెను. నడుమ 4½ అంగుళముల చదరపు ఖాళీ ఏర్పడుతుంది. ఈ మొదటి వరుసలో ఆ ఖాళీని ఒక అర ఇటుకతో మూసివేయవలెను. ఇది పీఠము.

రెండవ వరుసను అదే తీరున పేర్చి, ముందు వైపు ఇటుక ఒకటి తీసివేయవలెను. ఆ చోట మూలలో ఒక అర ఇటుక ఉంచినచో 4½ అంగుళముల వెడల్పు గల నోరు మిగులుతుంది. ఆ నోటిపై చువ్వలను అడ్డముగా పరచి, వాటి కొసలు ఇరుప్రక్కల ఇటుకలపై ఆనునట్లు చూడవలెను. మూడవ వరుస కూడ ఇట్లే, కాని ఎదురు దిశలో తిప్పి పేర్చవలెను. అప్పుడు క్రింది అతుకుపై మీది అతుకు పడక కట్టడము గట్టిగా ఉంటుంది. చువ్వలపై కట్టెలు ఉంటాయి, చువ్వల క్రింద గాలి లోనికి పోతుంది. ఈ క్రింది దారిని బూడిదతో గాని కట్టెలతో గాని మూసినచో పొయ్యి ప్రాణము తీసినట్లే.

ఇప్పుడు నోటి పైభాగమున రెండు ఇనుప పట్టీలను అడ్డముగా వేయవలెను. ఇవి లేనిచో పైన వచ్చే ఇటుక సగము గాలిలో నిలిచి జారిపోవచ్చును. ఆపైన నాలుగవ, అయిదవ వరుసలను నాలుగేసి పూర్తి ఇటుకలతో, దిశ మార్చుచు పేర్చవలెను. పీఠముపై నుండి లెక్కించిన లోపలి గొట్టము ఎత్తు 12 అంగుళములు. వేడి గాలి తేలికయై ఈ గొట్టములో పైకి ఎగయుచుండగా, క్రింది నోటి నుండి చల్లని గాలి దానంతట అదే లోనికి లాగబడుతుంది. ఊదుగొట్టముతో అవసరము చాలవరకు తగ్గుతుంది.

మిగిలిన అర ఇటుకను పగులగొట్టి, సుమారు ఒక అంగుళము ఎత్తు గల మూడు ముక్కలను పైన ఉంచి పాత్రను నిలుపవలెను. ఆ ఒక్క అంగుళమునకు లెక్క ఉన్నది. గొట్టము వైశాల్యము 4½ × 4½, అనగా సుమారు 20 చదరపు అంగుళములు. దాని చుట్టుకొలత 18 అంగుళములు. 20ని 18తో భాగిస్తే ఒక అంగుళము పైచిలుకు. సందు ఇంతకన్న చాల తగ్గినచో మంట ఊపిరాడక పొగ వస్తుంది. చాల పెరిగినచో వేడి పాత్రను తాకకుండ తప్పుకొంటుంది.

బొటనవ్రేలి మందము గల ఎండు పుల్లలే దీనికి తగిన ఇంధనము. పచ్చి కట్టెలోని వేడి దాని తడి ఆర్చుటకే చెల్లిపోతుంది. పుల్లల కొసలు మాత్రమే మండుచుండవలెను. మండినకొద్దీ లోనికి జరుపవలెను. ఈ పొయ్యికి ఒక లోపము లేకపోలేదు. ఇటుక బరువైనది గనుక మొదట కొంత వేడిని తానే త్రాగుతుంది. ఒక వంట తరువాత వెంటనే మరొకటి చేసినచో ఆ వేడి వృథా కాదు. విందులకు వాడే పెద్ద దేగ్‌ల బరువును ఇది మోయలేదు. పది లీటర్లకు మించని పాత్రలకే దీనిని పరిమితము చేయవలెను.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మూసిన గదిలో గాని గుడారములో గాని దీనిని వెలిగించరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే ప్రాణము తీయగలదు. మంటపై కిరోసిన్, పెట్రోలు పోయరాదు. పైటకొంగు, దుపట్టా బిగించి కట్టుకొనవలెను. పిల్లలను దూరముగా ఉంచి, బకెట్టు నీరు, కొంత ఇసుక దగ్గర పెట్టుకొనవలెను.

1983 నాటి జాతీయ పథకము క్రింద కట్టిన పొయ్యిలలో అనేకము మరమ్మతు లేక, పొగగొట్టము శుభ్రపరచక మూలబడినవి. పరికరము ఇచ్చుట ఒక ఎత్తు, దానిని నడుపుట నేర్పుట మరొక ఎత్తు అని ఆ అనుభవము చాటుతున్నది. అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. కళాశాలలో ఎత్తైన చోట ఇరవై ఇటుకలు, పట్టీలు, చువ్వలు భద్రపరచి, ఏడాదికొకసారి వర్షాకాలమునకు ముందు జాతీయ సేవా పథకము విద్యార్థులచే ఈ పొయ్యిని పేర్పించి, ఒక కుండెడు నీరు కాయించవలెను. విద్యార్థులారా, వరద వచ్చిన రాత్రి పుస్తకము తెరచి చదువుటకు దీపముండదు. చేతులకు ముందే వచ్చిన విద్యయే ఆనాడు పదిమందికి పట్టెడన్నము పెడుతుంది.